సొంత గొంతున వ్యాపార ప్రకటన

పూర్వము పల్లెటూళ్లలో ఏదైన ఒక సంగతి అందరికి తెలియజేయవలసి వచ్చినప్పుడు దండోరా వేయించెడివారు. శిస్తు గడువు కానిండు, తప్పిపోయిన ఎద్దు కానిండు, ముందు డప్పు మ్రోగెడిది, తరువాత మాట వినవచ్చెడిది. ఆ మాటలు చాటువాని సొంత మాటలని ఎవరును భ్రమపడెడివారు కారు. ఎవరో చెప్పించగా ఇతడు చెప్పుచున్నాడని డప్పు చప్పుడే తెలుపుచుండెడిది. అదే మనిషి సాయంకాలము రచ్చబండపై కూర్చుండి, ఫలానా అంగడిలో విత్తనములు మంచివని అన్నచో దాని విలువ వేరు. అది అతడు చూచి, వాడి, తెలిసికొని చెప్పిన మాటగా ఇరుగుపొరుగువారు గ్రహించెడివారు.

అంగడివాడు రహస్యముగా కొంత సొమ్ము ముట్టజెప్పి, ఆ రచ్చబండ మాటనే పలికించినచో ఏమగును? డప్పు మ్రోగదు, మాట మాత్రము దండోరాయే. నేడు ఫేస్‌బుక్కు, ఇన్‌స్టాగ్రాము, యూట్యూబు వంటి సామాజిక మాధ్యమములలో ఒక వ్యక్తి తన సొంత ఖాతాపై డబ్బు పుచ్చుకొని ప్రకటన వేయునప్పుడు లేచు ప్రశ్న ఇదియే. పెళ్లి ఫోటోలు, పరీక్షా ఫలితములు, ఇంటి ముచ్చట్లు ఉన్న చోటనే ఒక సబ్బును గురించియో, ఒక జూదపు యాప్‌ను గురించియో ప్రశంస వచ్చి కూర్చుండును. ఈ ప్రశ్న ఖాతాలతో పుట్టినది కాదు. దీని చరిత్ర అచ్చుపత్రికలంత పాతది.

పత్రికలలో మారువేషము

ప్రకటనలు లేనిదే పత్రికలు ఇంత చౌకగా జనులకు అందియుండెడివి కావు. భారతదేశమున మొదటి వార్తాపత్రికగా ప్రసిద్ధి చెందిన హికీ బెంగాల్ గెజెట్టు 1780 జనవరి 29వ తేదీన కలకత్తాలో వెలువడినది. దాని పూర్తి పేరులోనే "కలకత్తా జనరల్ అడ్వర్టైజర్" అను మాటలున్నవి. 1836లో పారిసు నగరమున ఎమిల్ ద జిరార్దాఁ అను పత్రికాధిపతి "లా ప్రెస్" అను దినపత్రికను స్థాపించి, ప్రకటనల రాబడిని ఆధారము చేసికొని సంవత్సర చందాను 80 ఫ్రాంకులకు బదులు 40 ఫ్రాంకులకే ఇచ్చినాడు. పాఠకునికి చౌక, వర్తకునికి ప్రచారము, పత్రికకు జీవనము, ఇట్లు మూడు పక్షములకును లాభము కలిగినది.

అయితే కొందరు వర్తకులు గీతల పెట్టెలో అచ్చగు ప్రకటనతో తృప్తిపడలేదు. తమ మందును గురించిన పొగడ్త వార్తవలెనే, సంపాదకుడు వ్రాసినట్లే కనబడవలెనని వారు కోరినారు. అమెరికాలో 19వ శతాబ్ది చివరి భాగమున ఇట్టి మారువేషపు వార్తలు విరివిగా ప్రచురింపబడినవి. పాఠకుడు ప్రకటనను చూడగానే జాగ్రత్త పడును, వార్తను మాత్రము నమ్మును. వర్తకుడు కొన్నది కాగితముపై చోటును కాదు, ఆ నమ్మకమును.

దీనిని అరికట్టుటకు అమెరికా కాంగ్రెసు 1912లో ఒక శాసనము చేసినది. చౌక తపాలా రేటును అనుభవించు పత్రికలు సొమ్ము పుచ్చుకొని అచ్చువేసిన ప్రతి వ్రాతపైనను "ప్రకటన" అను మాట స్పష్టముగా ముద్రింపవలెననియు, పత్రిక యజమానులెవరో తెలుపవలెననియు ఆ శాసనము నిర్దేశించినది. పత్రికాధిపతులు దీనిని న్యాయస్థానమున ఎదిరించినారు గాని, 1913లో సుప్రీముకోర్టు శాసనమును సమర్థించినది. గమనింపదగినదేమనగా, ఈ శాసనము ప్రకటనను నిషేధింపలేదు. డప్పు కొట్టి చెప్పుమని మాత్రమే కోరినది.

బాహాటముగా నడిచిన వ్యాపారము

ప్రచారమును పత్రికను కలిపి నడపుట తనంతట తాను దోషము కాదనుటకు తెలుగువారి చరిత్రలోనే చక్కని తార్కాణమున్నది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము అను తలనొప్పి మందును తయారుచేసి అమ్మనారంభించినారు. సంగీత సభలకు వచ్చినవారికి దానిని ఉచితముగా పంచిపెట్టి ప్రచారము చేసినారు. 1908లో వారే బొంబాయినుండి "ఆంధ్రపత్రిక" వారపత్రికను వెలువరించినారు. 1914లో అది మద్రాసునుండి దినపత్రికయైనది. మందు అమ్మకమువలన వచ్చిన ధనము పత్రికకు అండయైనది. పత్రిక ఎవరిది, మందు ఎవరిది అను సంగతి దాచినది కాదు, ఆంధ్రదేశమున అందరెరిగినదే. యజమాని ఎవరో, అతని లాభమెక్కడ ఉన్నదో తెలిసినప్పుడు పాఠకుడు ప్రతి మాటను తగిన తూనికరాయితో తూచుకొనగలడు.

గాలిలో వినవచ్చిన గొంతు

రేడియో రాకతో ప్రకటనకు మనిషి గొంతు లభించినది. 1922 ఆగస్టు 28వ తేదీన న్యూయార్కులోని డబ్ల్యు.ఇ.ఎ.ఎఫ్. అను కేంద్రము ఒక ఇండ్ల వ్యాపార సంస్థవారికి పది నిమిషముల కాలమును 50 డాలర్లకు అమ్మినది. కాగితముపై గీత గీసి ప్రకటనను వేరుచేయవచ్చును, గాలిలో గీత గీయుట ఎట్లు? అందుచేత 1927 నాటి అమెరికా రేడియో శాసనము, సొమ్ము తీసికొని ప్రసారము చేయునప్పుడు సొమ్మిచ్చినవారి పేరు చదువవలెనని విధించినది.

ఆ నియమమును తప్పించుకొను దారులును వెదకబడినవి. గ్రామఫోను కంపెనీలు తమ పాటలనే మాటిమాటికి వేయించుకొనుటకు రేడియో వ్యాఖ్యాతలకు చాటుగా లంచములిచ్చిన సంగతి 1959లో బయటపడి, అమెరికా కాంగ్రెసు విచారణకు వచ్చినది. పాట నచ్చి వేయుచున్నాడని శ్రోతలు నమ్మియుండగా, నిజమునకు అతడు అమ్ముడుపోయి వేయుచుండెను. 1960లో ఇట్టి రహస్య చెల్లింపులను నేరముగా పరిగణించుచు శాసనము సవరింపబడినది.

భారతదేశమున ఆకాశవాణి చాలకాలము ప్రకటనలకు దూరముగా ఉండి, 1967 నవంబరు 1వ తేదీన వివిధభారతిలో వాటికి చోటిచ్చినది. దూరదర్శనములో 1976 జనవరి 1వ తేదీనుండి ప్రకటనలు వచ్చినవి. అంతకు ముందే 1952లో రేడియో సిలోనులో ఆరంభమైన "బినాకా గీత్‌మాలా" అను పాటల కార్యక్రమము పేరులోనే దంతధావనపు పేస్టు పేరు చేరియున్నది. సొమ్మెవరిదో పేరే చెప్పుచుండెను.

తెలిసినవారి మాటకు ఇంత బలమెందుకు?

వర్తకులు మనిషి గొంతును ఇంతగా కోరుటకు గల కారణమును సాంఘికశాస్త్రజ్ఞులు పరిశోధించినారు. అమెరికాలోని డెకాటర్ అను పట్టణమున సుమారు 800 మంది స్త్రీలను విచారించి, కాట్జ్, లాజర్స్‌ఫెల్డ్ అను పండితులు 1955లో "పర్సనల్ ఇన్‌ఫ్లుయెన్స్" అను గ్రంథమును ప్రకటించినారు. ఇంటి సరుకులు, దుస్తులు, సినిమాలు మొదలైన విషయములలో పత్రికలు, రేడియో చెప్పినదానికంటె బంధువులు, స్నేహితులు చెప్పినదే ఎక్కువగా పనిచేయుచున్నదని వారు చూపినారు.

మరుసటి సంవత్సరము, అనగా 1956లో, హార్టన్, వోల్ అను ఇద్దరు మరొక విచిత్రమును గుర్తించినారు. టెలివిజనులో ప్రతిదినము కనబడి నేరుగా చూపరుల కన్నులలోనికి చూచి మాటలాడు వ్యక్తి, వారికి నిజమైన స్నేహితుడే అనిపించునట. చూపరులు అతనిని బాగుగా ఎరుగుదురు. అతడు వారిలో ఒక్కనిని ఎరుగడు. అయినను ఆ ఒంటిచేతి స్నేహము మనస్సును కదిలించును. ఈ రెండు సిద్ధాంతములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, ఏబది సంవత్సరముల తరువాత రానున్న వ్యాపారపు పునాది స్పష్టమగును. స్నేహితుని మాటకు గల బలమును, టెలివిజనుకు గల వ్యాప్తిని ఒక్కచోట చేర్చినదే వ్యక్తిగత ఖాతా.

ప్రతి మనిషి ఒక పత్రిక

ఇంటర్నెట్టులో మొదటి పట్టీ ప్రకటనలలో ఒకటి 1994 అక్టోబరు 27వ తేదీన "హాట్‌వైర్డ్" పుటలపై కనబడినది. అది పత్రికా ప్రకటనవలెనే ఒక పెట్టెలో ఉన్నది. తరువాత జనులు బ్లాగులు వ్రాయ మొదలిడినారు. 2006లో అమెరికాలో "పే పర్ పోస్ట్" అను సంస్థ ఏర్పడి, వస్తువులను గురించి తమ బ్లాగులలో వ్రాసిన సామాన్యులకు వ్రాతకింత అని చెల్లించినది. అదే సంవత్సరము ట్విట్టరు పుట్టినది. 2008లో జర్మనీలో మొదలైన "మాగ్‌పై" అను సేవ మరొక అడుగు ముందుకు వేసినది. ఖాతాదారుడు ఒప్పుకొన్నచో అతని ట్విట్టరు సందేశముల నడుమ ప్రకటనలను తానే చొప్పించి సొమ్ము చెల్లించుచుండెను. అనగా మనిషి నిద్రపోవుచున్నను అతని పేరు వర్తకుని మాట పలుకుచుండెనన్నమాట.

ఇక్కడ చరిత్రలో ఒక ముఖ్యమైన మలుపు వచ్చినది. పత్రికకు సంపాదకుడుండెను, రేడియోకు లైసెన్సు ఉండెను. నియమము తప్పినచో అడుగుటకు ఒక చిరునామా ఉండెను. ఇప్పుడు రచయిత, సంపాదకుడు, ప్రచురణకర్త, ప్రకటనల గుమాస్తా అన్నియు ఒక్కడే. ఆ ఒక్కడు పదునెనిమిదేండ్ల విద్యార్థియైనను కావచ్చును. అందుచేత అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను 2009 అక్టోబరులో తన సూత్రములను సవరించి, సొమ్ముగాని ఉచిత వస్తువులుగాని పొంది ప్రశంసించు బ్లాగరు ఆ సంబంధమును వెల్లడింపవలెనని చెప్పినది.

గుర్తు ఎక్కడ పెట్టవలెను?

ట్విట్టరులో ఆనాడు ఒక సందేశమునకు 140 అక్షరములే పరిమితి. ఇంత ఇరుకున "ఇది ప్రకటన" అని చెప్పుటకు చోటెక్కడ అని వ్యాపారులు ఆక్షేపించినారు. 2013లో కమిషను దీనికి సులభమైన సమాధానమిచ్చినది. సందేశము మొదటనే "యాడ్" అను రెండక్షరముల ఇంగ్లీషు మాట పెట్టిన చాలునని సూచించినది. చోటు చాలక పోవుట సత్యమును వదలుటకు సాకు కాజాలదు.

ఇంగ్లాండులో 2012లో రెండు ఉదంతములు జరిగినవి. ఒక చాకొలెట్టు కంపెనీ తరఫున ప్రముఖులు తమ ఖాతాలలో తమకు సహజము కాని విషయములపై నాలుగు వింత సందేశములు పంపి, ఐదవదానిలో చాకొలెట్టు చూపి, ప్రాయోజితమను గుర్తు పెట్టినారు. అక్కడి ప్రకటనల పరిశీలక సంస్థ దానిని అంగీకరించినది. ఫుట్‌బాల్ క్రీడాకారుడు వేన్ రూనీ నైకీ కంపెనీ ప్రచారమునకై పంపిన సందేశమును మాత్రము అదే సంస్థ తప్పుపట్టినది. కంపెనీ నినాదము, లంకె ఉన్నను, వేగముగా చదివిపోవు సామాన్యునికి అది ప్రకటన అని తోచదని నిర్ణయించినది. వ్రాసినవాని మనస్సులో ఏమున్నదని గాక, చదువువానికి ఏమి తెలియునని అడుగుట ఈ తీర్పులోని సారము.

ఒకే గౌను, ఏబది మంది

రహస్యపు ప్రకటన ఎట్లు పనిచేయునో 2015 మార్చిలో అమెరికాలో లార్డ్ అండ్ టేలర్ అను బట్టల దుకాణము నడిపిన ప్రచారము తేటతెల్లము చేసినది. ఇన్‌స్టాగ్రాములో పేరుపొందిన 50 మంది యువతులకు ఆ సంస్థ ఒకే గౌనును ఉచితముగా ఇచ్చి, ఒక్కొక్కరికి 1,000 నుండి 4,000 డాలర్ల వరకు చెల్లించినది. ఒకే వారాంతమున అందరును ఆ గౌను ధరించిన ఫోటోలు తమ ఖాతాలలో పెట్టినారు. ఏ గుర్తు వాడవలెనో, దుకాణము పేరు ఎట్లు చెప్పవలెనో ఒప్పందములో వ్రాసిన సంస్థ, సొమ్ము ముట్టిన సంగతి చెప్పవలెనని మాత్రము వ్రాయలేదు. ఆ ఫోటోలు 1 కోటి 14 లక్షల మందికి చేరినవి; గౌను అంతయు అమ్ముడుపోయినది.

చూచినవారికి ఏమనిపించియుండును? ఒకరినొకరు ఎరుగని ఇందరు ఒకేసారి మెచ్చిన గౌను నిశ్చయముగా గొప్పదని. ఏబది నోళ్లు వేరైనను పలికించిన చేయి ఒక్కటే. ఫెడరల్ ట్రేడ్ కమిషను అభియోగము తెచ్చుటతో 2016లో ఆ సంస్థ ఒప్పందమునకు వచ్చినది. 2017 ఏప్రిలులో కమిషను కంపెనీలకును ఖాతాదారులకును 90కి పైగా హెచ్చరిక లేఖలు పంపినది. ఆ ఏడు జూనులో ఇన్‌స్టాగ్రామే "చెల్లింపు భాగస్వామ్యము" అను అర్థము వచ్చు గుర్తును ఏర్పాటుచేసినది.

కొన్ని విషయములలో గుర్తు ఒక్కటి చాలదు. 2022లో కిమ్ కర్దాషియన్ అను నటి ఒక క్రిప్టో నాణెమును తన ఖాతాలో ప్రచారము చేసినందుకు 2,50,000 డాలర్లు పుచ్చుకొన్నదని అమెరికా సెక్యూరిటీసు కమిషను ప్రకటించినది. ఆమె "యాడ్" అను గుర్తు పెట్టినను, పెట్టుబడుల విషయమున ఎంత సొమ్ము ముట్టినదో కూడ చెప్పవలెనని చట్టము. ఆమె 12,60,000 డాలర్లు చెల్లించి ఆ వివాదమును ముగించుకొన్నది.

పేరు ఎవరి సొత్తు?

ఈ వ్యాపారమునకు మరొక ముఖమున్నది. 2011లో ఫేస్‌బుక్కు "స్పాన్సర్డ్ స్టోరీస్" అను పద్ధతిని ప్రవేశపెట్టినది. ఒక వ్యక్తి ఏదైన సంస్థను మెచ్చినట్లు మీట నొక్కినచో, అతని పేరును, ఫోటోను చేర్చి అతని స్నేహితులకు ప్రకటనగా చూపుచుండెను. సొమ్ము ఫేస్‌బుక్కుకు, పేరు సామాన్యునిది. దీనిపై వ్యాజ్యము నడిచి, 2013లో 2 కోట్ల డాలర్ల రాజీ కుదిరినది. 2014లో ఆ పద్ధతి ఆగిపోయినది. సామాన్యుని పేరుకు కూడ అంగడిలో వెలయున్నదని ఈ కేసు ఋజువు చేసినది. 2012లో ఫేస్‌బుక్కు ఇంకొక ప్రయోగము చేసినది. సొంత ఖాతాలో వ్రాసిన మాట తన మిత్రులకే మరింత స్పష్టముగా కనబడుటకు అమెరికాలో సుమారు 7 డాలర్లు వసూలుచేసి చూచినది. అనగా మనిషి తన మాటకు తానే ప్రకటనదారుడైనాడు.

మన దేశమున నియమములు

భారతదేశమున 1985లో ఏర్పడిన ప్రకటనల ప్రమాణముల మండలి 2021 జూన్ 14వ తేదీనుండి వర్తించునట్లు ఖాతాదారులకు మార్గదర్శక సూత్రములను రూపొందించినది. ప్రకటన అని తెలుపు గుర్తు ఇంగ్లీషులోగాని, ప్రకటన భాషలోగాని ఉండి, చూచు సామాన్యునికి అర్థము కావలెనన్నది అందొకటి. 2023 జనవరి 20వ తేదీన కేంద్ర ప్రభుత్వపు వినియోగదారుల వ్యవహారముల శాఖ ఒక చిన్న పుస్తకమును విడుదల చేసినది. అందలి ముఖ్యాంశములు సులభముగా గుర్తుంచుకొనదగినవి. సొమ్ము మాత్రమే గాక ఉచిత వస్తువులు, తగ్గింపులు, హోటలు బసలు, ప్రయాణములు, బంధుత్వము, ఉద్యోగము ఇవన్నియు వెల్లడింపవలసిన సంబంధములే. ఫోటోలో గుర్తు ఫోటోపైననే ఉండవలెను. వీడియోలో కంటికి కనబడుటయే గాక చెవికి వినబడవలెను. ప్రత్యక్ష ప్రసారములో ఆద్యంతము నిలిచియుండవలెను. హ్యాష్‌ట్యాగుల గుంపులో దానిని దాచరాదు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, తప్పుదారి పట్టించు ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మరల చేసినచో 50 లక్షల వరకు జరిమానా విధింపవచ్చును. ప్రశంసించిన వ్యక్తిని ఒక సంవత్సరము, మరల తప్పుచేసినచో మూడు సంవత్సరముల వరకు అట్టి ప్రచారములు చేయకుండ నిషేధింపవచ్చును. తాను చెప్పు మాట నిజమో కాదో తగిన శ్రద్ధతో విచారించినవానికి మాత్రము రక్షణయున్నది.

ఈ నియమముల అవసరము తెలుగు జిల్లాలలో తీవ్రముగా తెలిసివచ్చినది. ఆన్‌లైను జూదమును తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించినవి. అయినను జూదపు యాప్‌ల ప్రచారము తెలుగు ఖాతాలలో ఆగలేదు. 2025 మార్చిలో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు సినిమా నటులు, యూట్యూబు, ఇన్‌స్టాగ్రాము ఖాతాదారులు అనేకులపై కేసులు నమోదుచేసినారు. ఒక్క కేసులోనే 25 మంది పేర్లున్నవి. దోషమెవరిదో తేల్చుట న్యాయస్థానముల పని. కాని యాప్‌లో సొమ్ము పోగొట్టుకొన్న యువకుడు ఆ యాప్‌ను నమ్మి చేరియుండడు. దానిని చూపిన పరిచిత ముఖమును నమ్మి చేరియుండును. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైను గేమింగు చట్టము సొమ్ము పెట్టి ఆడు ఆటలనే గాక వాటి ప్రకటనలను కూడ నిషేధించి, ప్రకటించినవారికి రెండేండ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా విధించినది. ఇట్టి వస్తువుల విషయమున డప్పు కొట్టి చెప్పినను తప్పు తప్పే.

చూచువానికి, చెప్పువానికి

రెండు శతాబ్దుల చరిత్రను కలిపి చూచినచో ఒకే క్రమము కనబడును. కొత్త మాధ్యమము పుట్టును. జనులు దానిని నమ్ముదురు. ఆ నమ్మకమును చాటుగా కొనువారు వత్తురు. మోసపోయిన తరువాత గుర్తు పెట్టుమను నియమము వచ్చును. పత్రికలో అది ఒక అచ్చుమాట, రేడియోలో ఒక వాక్యము, ఖాతాలో ఒక గుర్తు. మాధ్యమము మారినను పని ఒక్కటే.

అందుచేత ఒక ప్రశంసను చూచినప్పుడు విద్యార్థి మూడు ప్రశ్నలు వేసికొనుట మంచిది. ఈ మాట చెప్పినందుకు చెప్పువానికి ఏమైన లభించినదా? లభించినచో ఆ సంగతి వెంటనే కనబడుచున్నదా? చెప్పిన గుణము అతడు తెలిసికొనగల విషయమేనా? ఖాతా గల విద్యార్థి ఇవే ప్రశ్నలను తిరుగవేసి తనను తాను అడుగుకొనవలెను. ఊరిలోని బట్టల దుకాణము ఉచితముగా ఇచ్చిన చొక్కా తొడిగి ఫోటో పెట్టుటలో తప్పు లేదు. దుకాణమువారు ఇచ్చినారని తెలుగులో ఒక్క మాట వ్రాసిన చాలును. ఆ మాట వ్రాయుటకు మనస్సు వెనుదీసినచో, ఆ ప్రకటన వేయదగినది కాదని గ్రహింపవచ్చును.

దండోరా వేయువాడు తన డప్పును ఎన్నడును దాచుకొనలేదు. అందుచేతనే సాయంకాలము రచ్చబండపై అతడు చెప్పిన మాటను ఊరివారు వినుచుండిరి.